కుంకుడు నురుగు, సోడా పొంగు

కాజీపేట నుండి సికింద్రాబాదునకు పోయే రైలుమార్గము మీద స్టేషన్ ఘన్‌పూరు ఉన్నది. పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో చేరినది. ఇటువంటి ఊళ్ళలో పాతకాలపు ఇంటి పెరటిలో శుభ్రతకు ఏమేమి వాడేవారో పెద్దవారిని అడిగితే వేళ్ళ మీద లెక్క చెబుతారు. తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి, పండ్లకు వేపపుల్ల, గిన్నెలకు పొయ్యి బూడిద, ఇత్తడికి చింతపండు, బట్టలకు సౌడు. ఒక తరము క్రిందట సబ్బుబిళ్ళకు, పొడి పొట్లమునకు చోటిచ్చి తప్పుకొన్న ఈ వస్తువులు ఇప్పుడు మరల గౌరవము పొందుతున్నవి. వానితోపాటు మన పెద్దవారెరుగని కొన్ని క్రొత్త యోగములు కూడ వచ్చి చేరినవి: వంటసోడాలో వెనిగరు, బెల్లపు నీటిలో మూడు నెలలు నానిన నిమ్మతొక్కలు, మొగమునకు నిమ్మరసము, అంగడిలో కొన్న ముద్దను కరిగించి అచ్చులో పోసిన ‘ఇంటి సబ్బు’. వీటన్నిటికి కలిపి ఒకే ప్రశంస వినబడుతున్నది: ఇవి ప్రకృతిసిద్ధములు, వీనిలో రసాయనములు లేవు.

రసాయనము లేని పదార్థము లోకములో లేదని పదవ తరగతి విద్యార్థి ఎవరైనను చెప్పగలడు. నీరు రసాయనమే, ఉప్పు రసాయనమే. అయితే ఆ మాటను పట్టుకొని నవ్వి ఊరకుండుట న్యాయము కాదు. దాని వెనుక నిజమైన భయమొకటి ఉన్నది. 1950 ప్రాంతములలో అమెరికా, ఐరోపా దేశములలో వాడుకలోకి వచ్చిన కృత్రిమ డిటర్జెంట్లలోని అణువులు కొమ్మలు కొమ్మలుగా ఉండుటచేత సూక్ష్మజీవులు వానిని తేలికగా విరుగగొట్టలేకపోయినవి. నదుల మీద నురుగు గుట్టలుగా పేరుకొన్నది. 1965 ప్రాంతమున అమెరికా తయారీదారులు తిన్నని గొలుసు గల అణువులకు మారవలసి వచ్చినది. డిటర్జెంట్లలోని ఫాస్ఫేటులు చెరువులలో నాచును అమితముగా పెంచి నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తవని తెలియుటకు మరికొంత కాలము పట్టినది. సూక్ష్మజీవులను చంపునని సబ్బులలో కలిపిన ట్రైక్లోసాన్ మామూలు సబ్బునీటి కంటె మేలైనదని తయారీదారులు రుజువు చేయలేకపోయినందున అమెరికా ఔషధశాఖ 2016లో అట్టి సబ్బుల అమ్మకమును నిషేధించినది. కనుక కర్మాగారపు సరకును శంకించువాడు అవివేకి కాడు. ఆ శంకను ఇంటి వస్తువుల విషయములో మాత్రము మూటగట్టి అటక మీద పెట్టుటలోనే తప్పు ఉన్నది. ఏది ప్రకృతి నుండి వచ్చినది అనునది ఇక్కడ అడుగవలసిన ప్రశ్న కాదు. ఏ మురికి, ఏ వస్తువు మీద, ఏ మార్పు చేత పోతున్నది అని అడుగవలెను. ఆ ప్రశ్నకు కొన్ని ఇంటి వస్తువులు ఘనముగా నిలుస్తవి, కొన్ని నిలువవు, కొన్ని ప్రమాదకరములు.

చింతపండుతో మొదలుపెట్టవచ్చును, ఏలననగా జనగామ ప్రక్కన ఉన్న పెంబర్తి ఇత్తడి రేకు మీద నగిషీ పనికి పేరు పొందిన గ్రామము. ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రమము. గాలి తగిలి దాని మీద ఆక్సైడు, కార్బొనేటు పొరలు ఏర్పడి నల్లబడుతుంది. చింతపండు గుజ్జులో నూటికి ఎనిమిది నుండి పదునెనిమిది పాళ్ళ వరకు టార్టారిక్ ఆమ్లము ఉంటుంది. పండ్లలో ఇంత టార్టారిక్ ఆమ్లము గలవి చాల అరుదు. ఈ ఆమ్లము ఆ పొరలను కరిగిస్తుంది, దానికి చేర్చిన ఉప్పు ఆ పనిని త్వరపరుస్తుంది, గుజ్జులోని పీచు తోమునట్టి పని చేస్తుంది. ఖరీదైన పాలిషులతో పోల్చినను ఇది లోపము లేని యోగమే. అయితే ఆమ్లము పొరతో ఆగదు. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిలోని తుత్తునాగము ముందుగా కరిగి పైన రాగి మిగిలి ఎర్రని మచ్చలు పడుతవి. తోమిన బిందె కొన్నిసార్లు పసుపు రంగుకు బదులు గులాబీ ఛాయలో కనబడుటకు కారణమిదే. నగిషీ గీతలు మాటిమాటికి తోమితే అరిగిపోతవి. పారదర్శకమైన లక్క పూత వేసిన అలంకార వస్తువులకు చింతపండు అసలు అక్కరలేదు, మెత్తని గుడ్డ చాలును.

ఇదే ఆమ్లమును వంటింటిలోనికి తెస్తే కథ తిరుగబడుతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచరాదని పూర్వులు కట్టడి చేసినారు. బిందె మీది చిలుమును కరిగించినట్లే చింతపండు గిన్నెలోని రాగిని కూడ పులుసులోనికి కరిగిస్తుంది. పండు మారలేదు, ఆమ్లము మారలేదు, చోటు మారినది. ప్రకృతిసిద్ధమను మాట ఈ భేదమును చెప్పజాలదు, రసాయనశాస్త్రము చెప్పగలదు. పులుసు వండిన ఇల్లాలికి శాస్త్రము పేరు తెలియకపోయినను ఆ భేదము తెలిసియుండినది. పాత పద్ధతులను మెచ్చుకొనువారు కంచుగంట మ్రోగించి చెప్పవలసిన సంగతి ఇది. విచిత్రమేమనగా దీనిని గూర్చి వారు సాధారణముగా చెప్పరు.

ఇక కుంకుడుకాయ. దక్షిణదేశములో పెరిగే కుంకుడు చెట్టు సపిండస్ అను ప్రజాతికి చెందినది. ఆ లాటిను పేరులోనే ‘ఇండియా సబ్బు’ అను అర్థము దాగి ఉన్నది. కాయ పైతొక్కలో సాపోనిన్లను పదార్థములు ఉంటవి. సాపోనిన్ అణువులో ఒకవైపు చక్కెర గొలుసులు ఉంటవి, అవి నీటిని కోరుతవి. మరియొకవైపు నూనెను కోరే పెద్ద కర్బన చట్రము ఉంటుంది. సబ్బు అణువు కూడ ఇట్టి రెండు ముఖములు గలదే. జిడ్డును ఒక ముఖము పట్టుకొంటుంది, నీటిని మరియొక ముఖము పట్టుకొంటుంది, జిడ్డు నీటితోపాటు జారిపోతుంది. పని ఒకటే అయినను సబ్బునకు, కుంకుడునకు రెండు ముఖ్య భేదములు ఉన్నవి.

మొదటిది గాఢతకు సంబంధించినది కాదు, స్వభావమునకు సంబంధించినది. సబ్బునీరు క్షారము, కుంకుడు నీరు స్వల్పముగా ఆమ్లము. వెంట్రుక మీది సన్నని పొలుసులు క్షారములో విచ్చుకొంటవి, కొద్దిపాటి ఆమ్లములో ముడుచుకొని నునుపుగా ఉంటవి. పట్టు, ఉన్ని కూడ వెంట్రుక వలె మాంసకృత్తులే కాబట్టి క్షారమునకు చెడిపోతవి. పట్టుచీరను సబ్బుతో గాక కుంకుడు రసముతో ఉతుకవలెనను పాత నియమమునకు ఇంతకంటె గట్టి ఆధారము అక్కరలేదు. రెండవ భేదము నీటిలో ఉన్నది. బండనేలలోనుండి వచ్చే బోరునీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు తరచుగా ఎక్కువ. సబ్బు వానితో కలిసి కరుగని తెల్లని తెట్టుగా విరుగుతుంది. తలకు సబ్బు రుద్దుకొన్నవారి వెంట్రుకలు జిగటగా అట్టకట్టుట ఈ తెట్టు వలననే. సాపోనిన్లు ఈ లవణములతో అట్లు విరుగవు. కఠినజలము గల ఊళ్ళలో కుంకుడుకాయ నిలిచినది అభిమానము చేత కాదు, యోగ్యత చేత.

ఇంత మెచ్చుకొన్న తరువాత దాని లోపములను దాచరాదు. పొలము పని చేసిన బట్టల మీది మట్టికి, నూనె మరకకు కుంకుడు బలము చాలదు. తెల్లని నూలుబట్టలు కొన్నాళ్ళకు గోధుమవన్నెకు తిరుగుతవి. రసము కంట పడితే మంట ఎట్లుండునో తల అంటించుకొన్న ప్రతి పిల్లవానికి తెలియును. కంటిపొరను నిజముగానే అది బాధిస్తుంది. కాచిన రసము రెండుమూడు దినములలో పులిసి వాసన వేస్తుంది, దానిలో సూక్ష్మజీవులు వృద్ధి పొందుతవి. అందుచేత సీసాలలో నిలువచేసి పంచుకొను కుంకుడు ద్రవములు మంచివి కావు. ఎండిన తొక్కను పొడిగా ఉంచుకొని ఏ పూటకు ఆ పూట నానబెట్టుకొనవలెను. ఇంకొక సంగతి మరీ ముఖ్యమైనది. సాపోనిన్లు రక్తకణముల పొరను ఛేదించగలవు. చేపలకు అవి మొప్పల ద్వారా విషము. లోకములో పలుచోట్ల ప్రజలు సాపోనిన్లు గల కాయలను, వేళ్ళను నీటిలో నలిపి చేపలను మత్తెక్కించి పట్టుట పూర్వము నుండి ఎరుగుదురు. కుంకుడు నీరు కాలువలో ఎంత పోసినను హాని లేదని వ్రాయువారు ఈ మాట వినియుండరు. పలుచబడిన పిదప అది నేలలో త్వరగా విరిగిపోవును నిజమే. చిన్న కుంటలో గాఢమైన రసమును ఒక్కసారిగా కుమ్మరించుట వేరు.

బూడిద విషయము కొంత వినోదము, కొంత విచారము. కట్టెల బూడిదలో పొటాసియము కార్బొనేటు ఉంటుంది. అది జిడ్డును కొంతవరకు సబ్బుగా మార్చి, తన గరుకుతనముతో మిగిలినదానిని గోకుతుంది. సౌడులోని సోడియము కార్బొనేటు కూడ ఈ కుటుంబమునకు చెందినదే. చాకలివారు దానితో బట్టలకు ఉబ్బ పెట్టేవారు. సముద్రపు మొక్కల బూడిద మీద ఆధారపడిన ఫ్రాన్సుదేశము ఉప్పు నుండి సోడా చేయు లెబ్లాంకు పద్ధతిని 1791లో కనుగొన్నది ఈ అవసరము చేతనే. ఇప్పుడు పొయ్యి ఏది? 1999లో దీపము పథకముతోను, 2016 తరువాత ఉజ్జ్వల పథకముతోను గ్యాసు పొయ్యి పల్లె ఇండ్లకు చేరినది. కట్టెల పొగ నుండి ఆడువారి కన్నులు, ఊపిరితిత్తులు కొంతవరకు బయటపడినవి. పొయ్యితోపాటు బూడిదయు పోయినది. గిన్నెలు తోముటకై మరల బూడిద కావలెనని పొట్లములలో కొనుట జరుగుచున్నది. దానికంటె వంటసోడా చౌక. ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను. భూపాలపల్లి జిల్లా చెల్పూరు వద్ద ఉన్న కాకతీయ తాప విద్యుత్కేంద్రము వంటి చోట్ల వచ్చునది నేలబొగ్గు బూడిద. అది ప్రధానముగా సిలికా, అల్యూమినాల మిశ్రమము, భారలోహముల జాడ కూడ దానిలో ఉండవచ్చును. రంగు ఒకటే అయినంత మాత్రాన అది కట్టెల బూడిద కాదు, అన్నము తిను గిన్నెను తాకరాదు.

క్రొత్త యోగములలో అగ్రస్థానము వంటసోడా, వెనిగరుల జంటది. రెంటిని కలుపగానే బుసబుస పొంగుతుంది. ఆ పొంగును చూచి మురికి కదలిపోవుచున్నదని చూచువారు సంతోషిస్తారు. జరుగునది ఇది. ఎనుబదినాలుగు గ్రాముల వంటసోడా అరువది గ్రాముల ఎసిటిక్ ఆమ్లముతో కలిసి ఎనుబదిరెండు గ్రాముల సోడియము ఎసిటేటును, పదునెనిమిది గ్రాముల నీటిని, నలుబదినాలుగు గ్రాముల బొగ్గుపులుసు వాయువును ఇస్తుంది. వాయువు గాలిలో కలుస్తుంది. మిగిలినది ఉప్పునీరు వంటి ద్రావణము; దానికి క్షారపు గుణము లేదు, ఆమ్లపు గుణము లేదు. జిడ్డును తీయగల సోడాను, సున్నపు మరకను తీయగల వెనిగరును రెంటిని ఒకదానిచేత ఒకటి చంపించి, ఆ శవములతో గచ్చు కడుగుట ఈ యోగము. దీనిని సీసాలో ముందుగా కలిపి ఉంచుకొమ్మని చెప్పువారు కూడ ఉన్నారు! మూత బిగించిన సీసా పగులకుండుటయే అక్కడ ఆశించదగిన ఫలము. వేరువేరుగా వాడితే రెండును ఉపయోగకరములే: మాడిన గిన్నెకు తడి సోడా, బోరునీటి కొళాయికి పట్టిన తెల్లని పెచ్చుకు వెనిగరు.

ఆ తెల్లని పెచ్చు కాల్షియము కార్బొనేటు. వెనిగరు గాని, నిమ్మరసము గాని దానిని కరిగిస్తుంది. ఇక్కడ తెలంగాణపు ఇల్లు ఒక ప్రత్యేకమైన చిక్కు తెచ్చిపెడుతుంది. చాల ఇండ్లలో నేలకు పరచినది తాండూరు, షాబాదు బండలు. అవి సున్నపురాయి, అనగా చాలవరకు అదే కాల్షియము కార్బొనేటు. కొళాయి మీది పెచ్చును కరిగించు నిమ్మరసము నేల బండను విడిచిపెట్టుటకు కారణమేమి ఉన్నది? కొద్ది మాసములలో నునుపు పోయి బండ వెలిసి కనబడుతుంది. ఆ గరుకులో మురికి మరింత నిలుస్తుంది. గ్రానైటు నేల గలవారికి ఈ భయము తక్కువ. విదేశపు వంటింటికై వ్రాసిన యోగమును రాతి జాతి అడుగకుండ అనువదించుట వలన వచ్చిన తంటా ఇది. బెల్లము ఒక పాలు, పండ్లతొక్కలు మూడు పాళ్ళు, నీరు పది పాళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టు ‘బయో ఎంజైము’నకు కూడ ఇదే మాట వర్తిస్తుంది. పేరులో ఎంజైము ఉన్నను దాని బలము చాలవరకు పులియుటలో పుట్టిన ఆమ్లములదే. వృథాపోవు తొక్కలను వాడుకొనుట మెచ్చదగినదే. మొదటి నెలలో దినమునకు ఒకసారి మూత వదులు చేయకపోతే వాయువు ఒత్తిడికి డబ్బా పేలవచ్చును.

అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు కలుపుట అను అలవాటులోనే ఉన్నది. పంచాయతీలు నీటిని శుద్ధిచేయుటకు వాడు బ్లీచింగు పౌడరు చాల ఇండ్లలో మరుగుదొడ్డి ప్రక్కన ఉంటుంది. ఇంటి వస్తువులన్నియు సాధువులని నమ్మినవాడు దానిమీద నిమ్మరసము గాని, వెనిగరు గాని, అంగడిలో కొన్న మరుగుదొడ్డి ఆమ్లము గాని పోసినాడంటే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిలు 22న బెల్జియములోని ఈప్రె వద్ద జర్మను సైన్యము శత్రువుల మీదికి వదలినది ఈ వాయువునే. కిటికీ లేని స్నానపుగదిలో దాని స్వల్ప పరిమాణము కూడ ఊపిరితిత్తులను కాల్చగలదు. బ్లీచింగు పౌడరును నీటితో తప్ప దేనితోను కలుపరాదని ఉపాధ్యాయులు ఆమ్లక్షారముల పాఠము చెప్పునాడే చెప్పితే, పరీక్షలో రాకపోయినను ఒక ఇంటిలో అక్కరకు వస్తుంది.

ఒంటికి వాడు వస్తువుల విషయములో తీర్పు ఇంకను జాగ్రత్తగా ఇవ్వవలసి ఉన్నది. పెసరపిండి, శనగపిండి సున్నిపిండిగా పనిచేయుట జిడ్డును పీల్చుకొని, మెల్లగా రాపిడి కలిగించుట వలన. నువ్వులనూనె అంటిన ఒంటికి సబ్బు కంటె ఇది సుఖము; పండుగనాటి తలంటి, పెండ్లినాటి నలుగు వృథా ఆచారములు కావు. కాని అందులోని పసుపు ఎక్కడిదని అడుగవలెను. బంగ్లాదేశములో పసుపు కొమ్ములకు మెరుగు వచ్చుటకు సీసపు క్రోమేటు పూయుచున్నారని, గర్భిణీస్త్రీల రక్తములో సీసమునకు అది ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు, అక్కడి పరిశోధకులు 2019లో ప్రకటించినారు. పొడి కొనుటకంటె కొమ్ములు కొని దంచుకొనుట మేలని చెబుతారు. మెరుగు పెట్టిన కొమ్ముల విషయములో ఆ సలహా కూడ చాలదు. మితిమీరి మెరిసే కొమ్మును వదలి, మట్టిరంగు కొమ్మును ఎంచుకొనవలెను. కంటికి పెట్టు సుర్మాలో గెలీనా, అనగా సీసపు సల్ఫైడు ఉండుట అనేక పరీక్షలలో తేలినది. ఆముదపు దీపపు మసితో ఇంట చేసిన కాటుకలో సీసము ఉండకపోవచ్చును గాని, పసిబిడ్డ కంటిలోనికి వ్రేలితో పోవునది మసి ఒక్కటే కాదు.

నిమ్మరసము మొగమునకు రాసుకొని ఎండలోనికి పోవు అలవాటు వలన చర్మము కమిలి నల్లని మచ్చలు పడవచ్చును. నిమ్మజాతి తొక్కలో, రసములో ఉండు కొన్ని పదార్థములు సూర్యకాంతితో కలిసి చర్మమును కాల్చుట దీనికి కారణము. పండ్ల విషయములో వేపపుల్ల మంచిదే, దాని నారలు కుంచెవలె పాచిని తొలగిస్తవి. ఇటుకపొడి, బొగ్గుపొడి మాత్రము పంటి మెరుగును అరగదీస్తవి. ఒకసారి అరిగిన పింగాణీపొర మరల పెరుగదు. పొగాకు కలిపిన పండ్లపొడులను భారత ప్రభుత్వము 1992లో నిషేధించినది. పొగాకు కూడ ఆకే గదా, ప్రకృతిసిద్ధమే గదా!

చేతులు కడుగుకొనుట వేరు తరగతికి చెందిన విషయము, ఏలననగా ఇక్కడ అందము కాదు, ప్రాణము సంగతి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ ప్రసూతిశాల వైద్యులచేత సున్నపు క్లోరినుతో చేతులు కడిగించి తల్లుల మరణములను బాగుగా తగ్గించినాడు. 2020లో కరోనా వచ్చినపుడు సబ్బు ఎందుకు అవసరమో లోకమంతయు విన్నది: ఆ వైరసు పైపొర కొవ్వుతో చేసినది, సబ్బు దానిని విడగొడుతుంది. బూడిదతో చేతులు కడిగితే ఏమాత్రము మేలో ఆ సంవత్సరమే కోక్రేన్ సంస్థ పరిశీలించి, ఉన్న ఆధారములు ఏ నిర్ణయమునకును చాలవని తేల్చినది. సబ్బు దొరకని చోట బూడిద లేమికంటె నయమనవచ్చును. సబ్బు ఉండగా దానిని విడిచి బూడిద పట్టుట, అందులోను బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ముందు, సమర్థించరానిది.

ఆ సబ్బును ఇంట చేసుకొనరాదా? చేసుకొనవచ్చును, కాని క్షారము లేని సబ్బు లేదు. కొవ్వులు గ్లిసరినుతో కట్టబడిన ఆమ్లములని, క్షారము ఆ కట్టును విప్పి సబ్బును ఇచ్చునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రెల్ 1823లో ప్రకటించిన గ్రంథముతో స్థిరపడినది. నూరు గ్రాముల కొబ్బరినూనెకు సుమారు పదునెనిమిది గ్రాముల కాస్టిక్ సోడా పట్టును. ఆముదమునకు పదమూడు గ్రాములకు మించదు. ఒక స్నేహితురాలు చెప్పిన కొబ్బరినూనె లెక్కను ఆముదమునకు వాడినవారి సబ్బులో అయిదు గ్రాముల కాస్టిక్ సోడా మిగిలిపోయి చర్మమును పొక్కిస్తుంది. కాస్టిక్ సోడాను నీటిలో కలిపినపుడు అమితమైన వేడి పుడుతుంది, చింది కంట పడితే చూపు పోవచ్చును. అందుచేత చాలమంది తయారైన ముద్దను కొని కరిగించి, అందులో వేపాకు పొడి చల్లి ఇంటి సబ్బంటారు. ఆ ముద్ద కర్మాగారములో చేసినదే. మహిళా సంఘములు సాంద్రద్రవమును కొని నీరు కలిపి సీసాలలో నింపు ఫినాయిలు కూడ అట్టిదే. అది గౌరవప్రదమైన జీవనోపాధి. ప్రకృతిసిద్ధమను పేరు మాత్రము దానికి చెల్లదు.

ఈ చర్చలో తరచు విడిచిపెట్టబడు లెక్క ఒకటి ఉన్నది. కుంకుళ్ళు కొట్టునది ఎవరు, పెసలు విసురునది ఎవరు, తొక్కల డబ్బా మూత దినదినము వదులు చేయునది ఎవరు? పది రూపాయల సబ్బు పొదుపైనదని చెప్పినపుడు ఆ చేతుల శ్రమకు విలువ కట్టుట లేదు. ఇల్లంతయు కలిసి కొట్టుకొంటే కుంకుడు చౌకయే. ఒక్కరే కొట్టితే దాని ధర వేరు.

ఘన్‌పూరు వంటి ఊరి ఉన్నత పాఠశాలలో ఈ వాదములో కొంతభాగమును పైసా ఖర్చు లేకుండ పరీక్షించవచ్చును. మూడు సీసాలు తీసుకొని ఒకదానిలో బోరునీరు, ఒకదానిలో దేవాదుల ఎత్తిపోతలతో నిండు ఘన్‌పూరు జలాశయపు నీరు, ఒకదానిలో పట్టి ఉంచిన వాననీరు సమానముగా పోయవలెను. ఒక్కొక్కదానిలో పదిచుక్కల సబ్బునీరు వేసి మూత పెట్టి ముప్పదిసార్లు కుదిపి నురుగు ఎత్తును కొలబద్దతో కొలువవలెను. ఏ నీరు ఎంత కఠినమో దీనితో తెలుస్తుంది. అదే ప్రయోగమును సబ్బునకు బదులు కుంకుడు రసముతో మరల చేసి రెండు పట్టికలను ప్రక్కప్రక్కన వ్రాయించవలెను. తరువాత పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితపు ముక్కల మీద సబ్బునీరు, బట్టలపొడి నీరు, వంటసోడా నీరు, కుంకుడు రసము వేరువేరుగా చుక్క వేయించవలెను. సబ్బుచుక్క ఎర్రబడుతుంది, పసుపులో సున్నము కలిపి కుంకుమ చేసినట్లే; కుంకుడు చుక్క పసుపుగానే ఉంటుంది. మిగిలిన రసమును జలాశయము వైపు పారు కాలువలో గాక, బడి ఆవరణలోని చెట్టు పాదులో పోయించవలెను.